గురుపట్టాభిషేకమునందలి మౌనము

సిరికొండ, ఆర్మూరు ప్రాంతములవారికి చేతిసంజ్ఞ విలువ యొకరు చెప్పనక్కరలేదు. పశువుల యంగడిలో దళారి తువాలు క్రింద వ్రేళ్ళు పట్టి బేరము తెగజేయును. నోట మాట రాకున్నను ఆ బేరమును కాదనువాడు లేడు. పెండ్లిలో వధూవరుల శిరస్సులపై జీలకఱ్ఱ బెల్లము నిలిచిన క్షణమే ముహూర్తమనియు మన మెఱుగుదుము. కథోలిక గురుపట్టాభిషేకమునందును అట్టి క్షణ మొకటి కలదు. దానిని చూడవచ్చినవారిలో అనేకులు ఆ క్షణమును గుర్తింపకయే యింటికి మరలుచున్నారని నా యభిప్రాయము.

అభ్యర్థి నేలపై బోరగిలి యుండగా సకల పునీతుల ప్రార్థన పాడునప్పుడు తల్లులకు కన్నీరు వచ్చును. అరచేతులకు పరిశుద్ధ తైలము పూయునప్పుడు ఛాయాచిత్రకారులు త్రోసుకొని ముందునకు వత్తురు. అప్పపు పళ్ళెమును పానపాత్రమును అందించునప్పుడు చప్పట్లు మ్రోగును. ఇవి మూడును అర్థవంతములే. కాని గురుత్వము కలుగుట వీనిచేత కాదు. మొదటిదానికిని తక్కిన రెంటికిని నడుమ, మేత్రాణులు మోకరించిన యభ్యర్థి తలపై రెండు చేతులు నుంచుదురు. ఒక్క మాటయు పలుకరు. పిదప అచ్చటి గురువులందఱు నొక్కొక్కరుగా వచ్చి యట్లే చేయుదురు. అటుపై మేత్రాణులు చేతులు చాచి యభిషేక ప్రార్థన చెప్పుదురు. ఆ హస్తనిక్షేపణమును ఈ ప్రార్థనయునే సంస్కారమునకు ప్రాణము.

ఈ సంగతి చిరకాలము పండితులకే వివాదాస్పదముగా నుండెను. 1439లో ఫ్లోరెన్సు మహాసభయందు అర్మేనియనుల కొఱకు వెలువడిన శాసనము పాత్రల నందించుటకే ప్రాధాన్య మిచ్చెను. అయిదువందల యేండ్లకు, 1947 నవంబరు 30వ తేదీన, పన్నెండవ పయస్ పోపుగారు ఆ వివాదమును ముగించిరి: హస్తనిక్షేపణమే ముఖ్యము, పాత్ర లందించుట గురుత్వసిద్ధికి ఆవశ్యకము కాదు. ఆ శాసనములోనే మఱియొక చిన్న యాజ్ఞ గలదు. చేతులు తలను తాకకున్నను సంస్కారము చెల్లునట. అయినను సందేహమునకు తావుండరాదు గనుక, తాకియే చేయవలయునట. ఇంత జాగ్రత్త పడిన సంజ్ఞను మనము గమనింపకుండుట వింత కాదా!

1968లో ఆరవ పౌలు పోపుగారి కాలమున క్రతువు సవరింపబడెను. పూర్వము తైలము పూసిన చేతులను నారబట్టతో కట్టెడివారు. ఆ బట్టను తల్లి దాచుకొనుటయు, ఆమె మరణించినపుడు ఆమెతోడనే సమాధి చేయుటయు నొక యాచారము. ఇప్పుడు చేతులు కట్టుట లేదు. అయినను చేతులు తుడిచిన గుడ్డను దాచుకొను తల్లిని నేను తప్పుపట్టను.

నేను తప్పుపట్టునది వేఱు. హస్తనిక్షేపణ సమయమున కొందఱు గురువులు నూతన గురువు చెవిలో శుభాకాంక్షలు చెప్పుదురు, చెంప నిమురుదురు. ఇంతకంటె విపరీతము, మౌనముయొక్క మహిమను మైకులో వివరించుచు ఆ మౌనమునే చెఱచు వ్యాఖ్యాత!

ముహూర్తవేళ గట్టిమేళము మ్రోగించు జాతికి నిశ్శబ్ద మమంగళముగా తోచునని కొంద ఱందురు. ఆ వాదమును త్రోసివేయజాలము. కాని మంత్రోపదేశము చెవిలో మెల్లగా చేయుటయు మన వాడుకయే గదా. మఱియు, క్రతుగ్రంథము సంతోషమునకు చోటు చూపకపోలేదు. అభ్యర్థిని ఎన్నుకొంటిమని మేత్రాణులు ప్రకటించినప్పుడు జనులు తమ దేశాచారము ననుసరించి సమ్మతి తెలుపవచ్చును. డప్పుల కది సరియైన తావు.

దేశీయ సంజ్ఞలకు నేను విరోధిని గాను. 1969 ఏప్రిలు 25వ తేదీన రోమునుండి భారతదేశమునకు అనుమతింపబడిన పండ్రెండు మార్పులలో పాదరక్షలు విడుచుట, అంజలి, పంచాంగ ప్రణామము, హారతి యున్నవి. విధేయతా వాగ్దానమున అభ్యర్థి తన చేతులను మేత్రాణుల చేతులనడుమ నుంచు పద్ధతికి మాఱుగా వేఱొక సంజ్ఞను నిర్ణయించుకొను స్వేచ్ఛయు ఆయా దేశముల పీఠాధిపతుల సమాఖ్యలకు గలదు. తలపై చేతు లుంచుటకు మాత్రము మాఱు లేదు. ఇంటి పెద్ద తలపై చేయిడి దీవించు దేశమున మాఱు వెదుకనేల?

విద్యార్థుల కొక యుదాహరణము. 2022 ఆగస్టు 27వ తేదీన హైదరాబాదు అగ్రపీఠాధిపతులు పూల అంతోనిగారు కార్డినలై, తెలుగువారిలో నా పదవి నందిన మొదటివారైరి. ఆనాడు వారికి ఎఱ్ఱని టోపియు ఉంగరమును ఈయబడెను, హస్తనిక్షేపణము జరుగలేదు. ఏలన కార్డినలు పదవి గౌరవమే గాని యభిషేకము కాదు. ఆయన శిరస్సుపై చేతులుంచుట అంతకుముందే, డీకనుగను గురువుగను మేత్రాణిగను అభిషిక్తులైన మూడు పర్యాయములు జరిగియుండెను.

పూజాపీఠముకడ సేవచేయు బాలురకు ఉపాధ్యాయులు ఈ క్రమమును ముందుగానే నేర్పవలయును. మైకు చూచువానికిని ముందునాడే చెప్పియుంచవలయును: సకల పునీతుల ప్రార్థనానంతరము మేత్రాణులు ముగింపు ప్రార్థన చెప్పగానే మీట నొక్కి మైకు నాపుము, కడపటి గురువు చేయి తీసి ప్రక్కకు నిలిచినపిమ్మట, మేత్రాణులు అభిషేక ప్రార్థనకు చేతులు చాచునప్పుడు తిరిగి తెఱువుము.