పూలతోటలు - స్వదేశపుటెరువు

దసరా పండుగకు ముందు బంతితోటలు మొగ్గ తొడుగు దినములలో, గోదావరీతీరమునందలి కడియము మొదలుకొని హైదరాబాదు చుట్టుపట్లనున్న పల్లెల వఱకు, పూలరైతు మనస్సున ఒక్కటే చింత: పూవు నిండుగా వచ్చునా, రాదా? సరిగా ఈ తరుణముననే అతని యెదుటికి రంగురంగుల సీసా వచ్చుచున్నది. దీనిని పిచికారి చేసినచో పూత రెట్టింపగునని దుకాణదారుడు చెప్పును. ‘సేంద్రియము’ అను మాట దానిపై పెద్ద యక్షరములతో నుండును. లోపల నేమున్నదో తెలుపు మాటలు మాత్రము చీమకాళ్ళవలె నుండును. రైతు అప్పుచేసి కొనును. పూవు వచ్చినచో కీర్తి సీసాకు. రాకున్నచో నింద వానకు!

సీసాలన్నియు మోసములని మేము చెప్పబోము. మొక్కకు ఉత్తేజము కలిగించునని పేర్కొనబడు సరకులను కేంద్రప్రభుత్వము 2021లో ఎరువుల నియంత్రణపుటుత్తరువు క్రిందికి దెచ్చినది. కొనుటకు ముందు వాని అనుమతిని విచారించుట రైతుకు హక్కు. సూక్ష్మపోషకముల లోపము కనబడినపుడు తగిన మందు ఆకుపై చల్లుట మంచిదే. అయినను మా ప్రశ్న వేఱు. పూత కాలమున మొక్క కోరునదేమి? అది మన యూరిలో దొరకదా?

మొక్కకు ముఖ్యాహారములు మూడు: నత్రజని, భాస్వరము, పొటాషు. నత్రజని ఆకును పెంచును. భాస్వరము వేరును బలపఱచి మొగ్గకు దోహదమగును. పొటాషు పూవునకు బిగువును మొక్కకు ఓర్పును ఇచ్చును. మొగ్గ తొడుగువేళ నత్రజని మితిమీఱినచో ఆకు గుబురగును, పూత వెనుకబడును, పేనుబంక చేరును. కావున పూత రహస్యము పూతనాడు పోయు మందులో లేదు. నాటునాడు నేలకు పెట్టిన కూటిలో నున్నది.

ఆ కూడు మన యింటి వస్తువులే. చివికిన పశువుల ఎరువులో నత్రజని నూటికి అరపాలు మాత్రమే యున్నను అది నేలకు ప్రాణము. నూనె తీయగా మిగులు ఆముదపు పిండిలో నత్రజని నూటికి 4 పాళ్ళకు పైగాను, వేపపిండిలో సుమారు 5 పాళ్ళును గలవు. ఆముదపు పిండి విషము, పశువులు తినరాదు, కావున నేలకే దానిని విడిచిపెట్టవచ్చును. వేరుసెనగ పిండినన్ననో, ముందు పశువునకు పెట్టి, దాని పేడను పొలమునకు చేర్చుట గృహస్థు వివేకము. ఎముకల పొడిలో భాస్వరము నూటికి 20 పాళ్ళకు మించియుండును. పొటాషునకు కట్టెల బూడిదయు, అరటిబోదెయు, మన కాలువలను పూడ్చివేయుచున్న గుర్రపుడెక్కయు నున్నవి. రావులపాలెము ప్రాంతమున గెల కోసిన పిమ్మట గట్లపై పడవేయు బోదెలు పొరుగున నున్న కడియపు పూలతోటలకు పొటాషు గనులు కావా?

ధర తెలిసికొనుటకు ఒక చిన్న లెక్క చాలును. నూటికి 5 పాళ్ళ పొటాషు గల కిలో సీసాలో పొటాషు 50 గ్రాములే. 100 కిలోల ఆముదపు పిండిలో నత్రజని 4 కిలోలకు పైగాను, భాస్వరము 2 కిలోలకు కొంచెము తక్కువగాను, పొటాషు కిలోకు పైగాను ఉండును. రెండింటి వెలలను ప్రక్కప్రక్కన వ్రాసికొని రైతు తానే తీర్పు చెప్పుగాక!

వాడుక తెలియనిచో అమృతమును విషమగును. పచ్చి పిండి వేళ్ళను కాల్చును. రెండు మూడు వారములు ముందుగా మట్టిలో కలిపి చివుకనీయవలెను. బూడిదను పేడతో కలిపి నిలువ చేయరాదు. నత్రజని గాలిలో కలిసిపోవును. చవుడు నేలకు బూడిద పనికిరాదు. ఎముకల పొడి మెల్లగా కరగునది; సున్నపు పాలెక్కువగు నల్లరేగడిలో మఱింత మెల్లగా కరగును; కావున దానిని కంపోస్టులో కలిపి నాటుటకు ముందే వేయవలెను. కర్మాగారముల మురుగు పాఱు నీటిలోని గుర్రపుడెక్కను ముట్టరాదు. అన్నిటికంటె ముందు మట్టిని పరీక్ష చేయింపవలెను.

ఇది మేము క్రొత్తగా కనిపెట్టిన సంగతి గాదు. పరప్రభుత్వము 1889లో రప్పించిన వోల్కరు పండితుడు దేశమెల్ల దిరిగి 1893లో ప్రకటించిన నివేదికలో, వంటచెఱకు లేక పేడ పొయ్యిపాలగుటను, ఎముకలును నూనెగింజలును ఓడలెక్కిపోవుటను మన నేలకు నష్టములుగా చూపెను. ఇందోరు నగరమున కృషి చేసిన ఆల్బర్టు హోవర్డు, చెత్తను పేడను పొరలుగా పేర్చి ఎరువుచేయు పద్ధతిని సిద్ధపఱచి 1931లో గ్రంథస్థము చేసెను. ఆ పద్ధతి మన ఇందోరు పేరుతోనే లోకమున వ్యాపించినది. లోకము నేర్చుకొన్నది, మనము మఱచితిమి.

నాటి దోపిడికి పరప్రభుత్వమును నిందించితిమి. నేడు ఎవరిని నిందింతుము? మన దేశమునకు కావలసిన ఖనిజపు పొటాషంతయు విదేశములనుండియే వచ్చుచున్నది. మన ఆముదపు పిండియో, దక్షిణ కొరియా మొదలగు దేశములకు ఓడలలో తరలుచున్నది. 2022లో యుక్రెయిను యుద్ధము రాగానే ఎరువుల ధరలు ఎట్లు మండినవో రైతులోకము ఎఱుగును. ఎక్కడనో ఫిరంగి మ్రోగిన ఇక్కడ బంతిమొక్క వాడునట్టి స్థితి స్వరాజ్యమనిపించుకొనునా?

అట్లని రసాయనముల నొక్క దినమున నిషేధింపుడని మేము కోరము. 2021లో సింహళద్వీపము ఆ సాహసము చేసి, పంటలు దెబ్బతిని, ఆ సంవత్సరమే వెనుకకు తగ్గినది. సేంద్రియపుటెరువు మెల్లనిది, నేల బాగుపడుటకు ఏండ్లు పట్టును. పశుసంపద తగ్గినది, ఎరువు తయారు చేయుటకు కూలి ఖర్చగును. ఈ కష్టములను దాచి స్వదేశీయమును బోధించుట సీసావర్తకుని పనికి భిన్నము గాదు. రైతు మొదటి యేట తోటలో నొక భాగమున చేసి చూచి, లాభనష్టములు వ్రాసికొని, పిమ్మట విస్తరించుట మేలు.

కాని ఒంటరి రైతు చేయలేనిది సంఘము చేయగలదు. సహకారసంఘము మిల్లునొద్దనే పిండిని మొత్తముగా కొని సభ్యులకు పంచవచ్చును. పంచాయతి కాలువనుండి తీసిన గుర్రపుడెక్కను గట్టున కుళ్ళనీయక కంపోస్టు చేయింపవచ్చును. 2016 నుండి ఆంధ్రప్రదేశమున రైతుసాధికారసంస్థ నడపుచున్న ప్రకృతిసేద్యమునందు మహిళాసంఘములు ముఖ్యపాత్ర వహించుచున్నవి. పూలరైతులును వారి తోడు కోరవలెను. ప్రభుత్వము చేయవలసినది మఱియొకటి కలదు: సీసాపై పోషకముల పాళ్ళను తెలుగులో, కంటికి కనబడునట్లు ముద్రింపించుట.

దేవుని శిరముపై నిలుచు పూవు పెంటకుప్ప నుండియే పుట్టుచున్నది. ఆ పెంటకుప్పను హీనమని త్రోసివేసి అప్పుతో సీసాను పూజించువానికి పూవు దక్కినను ఫలము దక్కదు. పూలరైతు ఈ యేడు దుకాణపు మెట్లెక్కుటకు ముందు ఒక్కమాఱు తన దొడ్డివైపు చూచుగాక!