రంపానికి ఊపు పెంచాలంటే...

ట్రాక్టర్లు తయారయ్యే జహీరాబాద్‌లో ఇంజిన్‌ విప్పడానికి బెరుకేముంటుంది? ఆర్‌ఎక్స్‌ 100ల కాలం చూసిన మెకానిక్కుకు పెట్రోలు రంపం కొత్తేమీ కాదు. అదీ టూస్ట్రోకే మరి!

50-60 సీసీ రంపం చింతమొద్దు దగ్గర మొరాయిస్తే ముందు గొలుసుకు ఆకురాయి పట్టాలి. చాలాసార్లు తప్పు ఇంజిన్‌ది కాదు, మొద్దుబారిన పళ్లది. అప్పటికీ చాలదంటే సైలెన్సర్‌ రంధ్రం పెద్దది చేస్తారు. పొగ త్వరగా పోతుంది, సిలిండర్లోకి తాజా మిశ్రమం ఎక్కువగా వస్తుంది. చిక్కల్లా అక్కడే. గాలి పెరిగి పెట్రోలు పాలు తగ్గుతుంది. టూస్ట్రోక్‌కు ఆయిల్‌ అందేది పెట్రోలుతోనే కదా! వేడెక్కి పిస్టన్‌ పట్టేస్తుంది.

అందుకే కార్బురేటర్‌ మీది ‘హెచ్‌’ స్క్రూను కొద్దికొద్దిగా ఎడమకు తిప్పాలి. (కార్బురేటర్‌ను తనే సర్దుకునే కొత్త మోడళ్లలో ఈ స్క్రూ ఉండదు.) ఎంతన్నది చెవే చెబుతుంది. ఖాళీగా ఫుల్‌ రేస్‌ ఇస్తే శబ్దం కాస్త గరగరలాడాలి, కట్టెలో దిగగానే సాఫీ కావాలి. ఖాళీలోనే సన్నగా ఈల వేసినట్టుంటే వెంటనే ఆపేయాలి.

పనిలోపనిగా సైలెన్సర్లోని జాలీ పీకేస్తారు కొందరు. నిప్పురవ్వల్ని ఆపేది అదే. ఎండిన చెరుకు ఆకు పక్కన ఆ పని వద్దు. మసి పడితే శుభ్రం చేసి మళ్లీ బిగిస్తే చాలు, కొంత ఊపు దానంతటదే వస్తుంది.