దీపస్తంభం ఎక్కనక్కరలేదు

పిల్లలూ! వంశధార సముద్రంలో కలిసే చోట, కళింగపట్నంలో, ఒక దీపస్తంభం ఉన్నది. రాత్రివేళ నావికులు దాని వెలుగు చూచి, తాము ఎక్కడ ఉన్నదీ తెలుసుకుంటారు. అంతేగాని, ఏ నావికుడూ ఓడ దిగి, స్తంభం ఎక్కి, దీపం ఎల్లా వెలుగుతున్నదో చూడడు. దారి తప్పితే ముందు తన లెక్కే సరిచూసుకుంటాడు.

కంప్యూటరుకు పని చెప్పేవాళ్ళకు కూడా ఈ తెలివి కావాలి.

ఒక పడవకు వారంరోజుల్లో పడిన చేపలు ఇవి అనుకుందాం: 33, 12, 10, 14, 11, 13, 12 తట్టలు. మొత్తం 105. రోజుకు సగటు 15. ఈ లెక్కకు మీరు పైథాన్ భాషలో ప్రోగ్రాం రాశారు. ఒక్కొక్క రోజు అంకె తీసి, సగటు కట్టమని ‘స్టాటిస్టిక్స్’ మాడ్యూలుకు ఇచ్చారు. జవాబు 12 వచ్చింది! తప్పు ఎక్కడ?

విజువల్ స్టూడియో కోడ్‌లో తప్పులు వెతికే డీబగర్ ఉన్నది. వాక్యం పక్కన ఎడమ అంచున నొక్కితే ఎర్రచుక్క పడుతుంది. ప్రోగ్రాం అక్కడ ఆగుతుంది. తరవాత ఎఫ్11 నొక్కుతూ పోతే ఒక్కొక్క అడుగే నడుస్తుంది. కాని సగటు కట్టే వాక్యం దగ్గిర ఎఫ్11 నొక్కగానే, మీరు ఎన్నడూ చూడని ఫైలు తెరుచుకోవచ్చు! అది స్టాటిస్టిక్స్ మాడ్యూలు. 2014లో పైథాన్ 3.4తో వచ్చింది, ఎందరో వాడి చూచినది. అందులో తిరిగితే మీ తప్పు దొరకదు.

అక్కడ ఎఫ్10 నొక్కండి. పని జరుగుతుంది, మీరు మాత్రం లోపలికి పోరు. పొరపాటున పోతే, షిఫ్టూ ఎఫ్11 కలిపి నొక్కితే బయటికి వస్తారు. ‘లాంచ్.జేసన్’ ఫైలులో ‘జస్ట్ మై కోడ్’ అనే అమరిక కూడా చూడండి. అది మామూలుగా ‘ట్రూ’ అని ఉంటుంది. అప్పుడు ఎఫ్11 కూడా పైవాళ్ళు రాసిన ఫైళ్ళలోకి పోదు. ‘ఫాల్స్’ అని ఉంటే పోతుంది. మీరే రాసుకున్న రెండో ఫైలును మాత్రం ఈ అమరిక ఆపదు. దాన్ని దాటడానికి ఎఫ్10 నొక్కండి.

ఇప్పుడు మీ వాక్యాలే చూడండి. రోజులను ‘రేంజ్(1, 7)’ అని లెక్కించారు. పైథాన్‌లో మొదటి అంకె స్థానం 1 కాదు, 0. పైగా 7 దగ్గిరికి రాకుండానే ఆగుతుంది. అంటే మొదటిరోజు 33 తట్టలూ జారిపోయాయి! మిగిలిన 72ను 6 రోజులకు పంచితే 12. ‘రేంజ్(0, 7)’ అని దిద్దితే 15 వస్తుంది.

అయితే, మీ వాక్యాలన్నీ సరిచూచినా తప్పు దొరకకపోతే? అప్పుడు ఆ అమరికను ‘ఫాల్స్’ చేసి లోపలికి పోవలసిందే. దీపస్తంభం ఎక్కవలసిన రోజు కూడా ఒకటి ఉంటుంది. కాని అది మొదటిరోజు కాదు.