గుర్రుమననివ్వండి

మంగళవారం పొద్దున్న మా కాలనీ పార్కులో ఒక జర్మన్ షెపర్డ్‌కు పాఠం జరిగింది. రెండేళ్ల మగ కుక్క. పాలవాడి మీదికి రెండుసార్లు ఎగబడిందట, ట్రైనర్‌ను పిలిపించారు. అతను చోక్ చైన్‌ను చెవుల వెనక్కి ఎక్కించి పైకి లాగాడు. కుక్క ముందుకాళ్లు నేల వదిలాయి. గొంతులోంచి ఈల లాంటి శబ్దం వచ్చింది. దించాక పొట్ట నేలకు ఆనించి, తోక లోపలికి ముడుచుకుని పడుకుంది. ‘చూశారా, దారికొచ్చింది’ అన్నాడు. వాకింగ్‌కు వచ్చిన పెద్దమనుషులు మెచ్చుకున్నారు. నేను వద్దన్నాను. ‘భయం లేకపోతే వినదు సార్. రేపు ఏ పిల్లాణ్ణో కరిస్తే మీరొస్తారా?’ అన్నాడు. అక్కడ నిలబడి చెప్పాల్సిన జవాబు కొంచెం పొడుగైంది, ఇక్కడ చెబుతున్నాను.

కరవబోయే కుక్క ముందే చెబుతుంది. మొహం పక్కకు తిప్పుకుంటుంది, మూతి నాక్కుంటుంది, ఒళ్లు బిగదీస్తుంది. మనం పట్టించుకోకపోతే గుర్రుమంటుంది. అప్పటికీ దగ్గరికొస్తే పళ్లు చూపిస్తుంది. గుర్రుమన్నప్పుడల్లా దెబ్బ పడితే దానికి వంటబట్టేది ఒక్కటే, గుర్రుమనకూడదని. పాలవాడంటే ఉన్న భయం ఎక్కడికీ పోదు. పైగా అతను వస్తే మెడ బిగుస్తుందన్న భయం కొత్తగా చేరుతుంది. అలాంటి కుక్క ఒకరోజు మధ్య మెట్లన్నీ వదిలేసి నేరుగా పన్ను దింపుతుంది. ‘చప్పుడైనా చేయలేదండీ, ఉన్నట్టుండి కరిచింది’ అంటారు ఇంటివాళ్లు. చప్పుడు చేయకుండా నేర్పించింది వాళ్లే. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్మి గేటు తీసి పిక్క పోగొట్టుకున్నవాళ్లున్నారు కానీ, మొరిగే కుక్క కనీసం తప్పుకొమ్మని చెబుతుంది. మొరగడం మానిపించిన కుక్క ఆ పాటి దయ కూడా చూపదు.

దెబ్బల పద్ధతికి ‘నువ్వే నాయకుడివని కుక్కకు తెలియాలి’ అనే సిద్ధాంతం ఒకటి తోడు. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జూలో బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి, అవి పెత్తనం కోసం కొట్లాడుకుంటాయని రాశాడు. 1970లో డేవిడ్ మీచ్ రాసిన పుస్తకంతో ‘ఆల్ఫా’ అనే మాట లోకమంతా పాకింది. ఆ మీచే తర్వాత ఎల్స్‌మియర్ దీవిలో ఎన్నో వేసవులు అడవి తోడేళ్ల వెంట గడిపి, 1999లో తన మాట తానే దిద్దుకున్నాడు. గుంపంటే తల్లీ తండ్రీ పిల్లలూ, అంతే. కన్నవాళ్లు కనక ముందు నడుస్తారు, కొట్లాడి గెలిచి కాదు. ఇక తోడేళ్లలోనే లేని పెత్తనాన్ని ఏనాడో మన వాకిట్లోకొచ్చి అన్నం తింటున్న కుక్కకు అంటగడితే ఎలా? శాస్త్రవేత్త వెనక్కి తీసుకున్న మాటను పట్టుకుని పాతికేళ్లుగా కుక్కల్ని వెల్లకిలా పడేసి తొక్కిపెడుతున్నారు.

తొక్కిపెడితే ఏమవుతుందో లెక్క కూడా ఉంది. 2009లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం పశువైద్యులు తమ దగ్గరికొచ్చిన 140 మంది యజమానుల్ని అడిగారు. కొట్టడమో తన్నడమో చేసినవాళ్లలో 43 శాతం మందికి కుక్క ఎదురుతిరిగింది. వెల్లకిలా తిప్పి అదిమితే 31 శాతం. కళ్లలోకి గుడ్లురిమి చూసినా 30 శాతం. పిల్లిని గదిలో పెట్టి కొడితే పులవుతుందని మన పెద్దలు ఏ సర్వే చేయకుండానే చెప్పారు. కుక్కకు పులి కావాల్సిన పని కూడా లేదు, పళ్లు ముందే ఉన్నాయి.

నన్ను ఇంకా కదిలించింది 2020లో పోర్చుగల్‌లో 92 పెంపుడు కుక్కలతో చేసిన పరిశోధన. ఒక వైపు పెట్టిన గిన్నెలో తిండి ఉంటుందనీ, రెండో వైపు గిన్నె ఖాళీ అనీ ముందు అలవాటు చేశారు. తర్వాత గిన్నెను మధ్యలో పెట్టారు. బుజ్జగించి నేర్పిన కుక్కలు ఉందేమో చూద్దామని గబగబా వెళ్లాయి. గట్టి దెబ్బల బళ్లలో చదివినవి తటపటాయించాయి. గిన్నెలో ఏదో ఉంటుందన్న ఆశ కూడా వాటికి తగ్గిపోయింది.

కుక్కల మీద జాలితో మనుషుల్ని మరిచేవాణ్ణి కాను. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కలు నాలుగేళ్ల పసివాడి ప్రాణం తీసిన రోజు నాకూ అన్నం సహించలేదు. కరిచే కుక్కకు మూతికి జాలీ తొడగాల్సిందే, పిల్లలున్న గదిలోకి రానివ్వకూడదు. ముందు పశువుల డాక్టరుకు చూపించాలి. చెవిపోటుతో, తుంటి నొప్పితో కరిచే కుక్కలు చాలా ఉంటాయి. ఆ తర్వాతే శిక్షణ. పాలవాడు ఎంత దూరంలో ఉంటే కుక్క చూస్తుంది కానీ రెచ్చిపోదో అంత దూరంలో నిలబెట్టి, అతను కనిపించినప్పుడల్లా ఒక కోడి ముక్క ఇస్తారు. అతను వెళ్లిపోగానే ముక్క ఆపేస్తారు. రోజుకు అడుగు చొప్పున దగ్గరికి తెస్తారు. మొరిగితే ఒక అడుగు వెనక్కి. వారాలు పడుతుంది, నెలలు పడుతుంది. దీన్ని ‘బిస్కెట్ ట్రైనింగ్’ అని వెక్కిరించేవాళ్లు ఒక్క వారం ఓపిగ్గా చేసి చూడాలి. గొలుసు గుంజడానికి చెయ్యుంటే చాలు.

గొలుసంటే గుర్తొచ్చింది. నేను ఈ శీర్షికలో ఎన్నిసార్లు రాశానో, మళ్లీ రాస్తాను. మన ఊళ్లలో గేటు పక్కన రెండు గజాల గొలుసుతో పగలంతా కట్టేసిన కుక్కలే ఎక్కువ. దారిన పోయే ప్రతి మనిషీ దాని కంటబడతాడు. అది వెళ్లి వాసన చూడలేదు, భయమేస్తే పారిపోనూ లేదు. పారిపోయే దారి మూసేస్తే దేనికైనా మిగిలేది తిరగబడడమే. ఆ సంగతి ఇంటివాళ్లకు గర్వకారణం, ‘మా కుక్క చాలా చురుకండీ’ అని. అలా కట్టేసిన కుక్కను తిప్పకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం పదకొండో సెక్షన్ ప్రకారం నేరం. మొదటి తప్పుకు జరిమానా 10 రూపాయల నుంచి 50 దాకా. అరవై ఏళ్లు దాటినా ఆ అంకె మారలేదు. చోక్ చైనే అంతకన్నా ఖరీదు.

అసలు ఈ కుక్కలు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని 2017 నిబంధనలు చెబుతున్నాయి. నెల తిరగని పిల్లలు అట్టపెట్టెల్లో చేతులు మారుతుంటే ఆపేవాళ్లు లేరు. ఎంత గట్టిగా కొరికితే ఎదుటివాడికి నొప్పి పుడుతుందో కుక్కపిల్ల నేర్చుకునేది తల్లి దగ్గర, తోబుట్టువుల దగ్గర. ఆ బడి మధ్యలో మాన్పించి, ఫ్లాటులో ఒంటరిగా పెంచి, ఏడాదికి కరిచిందని ట్రైనర్‌ను పిలుస్తాం. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల్ని నిషేధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. నెల తిరిగేసరికి కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాతుల జాబితా రాయడం తేలిక. అట్టపెట్టె తెరిచి పిల్లకు ఎన్ని వారాలో అడిగే ఇన్‌స్పెక్టరును పెట్టడం కష్టం. మన ప్రభుత్వాలకు మొదటిదే నచ్చుతుంది.

శుక్రవారం ఆ ఇంటి ముందు నుంచి వెళ్లాను. గేటు లోపల అదే కుక్క, పొట్టి గొలుసు. పాలవాడు బండి ఆపాడు. కుక్క లేచి నిలబడింది. మొరగలేదు. చెవులు వెనక్కి పోయాయి, మూతి ఒకసారి నాక్కుని ఒళ్లు బిగదీసింది. ‘ఇప్పుడు మంచిగైంది సార్, సప్పుడే చేస్తలేదు’ అంటూ అతను గేటు గడియ మీద చెయ్యి వేశాడు. పాకెట్లు గోడ మీద పెట్టి పొమ్మన్నాను.