బీరువాకు చక్రాలు

బ్లాగ్మిత్రులకు కార్ల ముచ్చట్లు చదివే ఓపిక ఉంటుందో ఉండదో నాకు తెలియదు. నాకూ యంత్రాల మీద పెద్ద ప్రీతి లేదు. ఇంజను మూత ఎత్తి లోపలికి తొంగిచూస్తే నాకు కనిపించేది అద్దాలు తుడిచే నీళ్ళ డబ్బా ఒక్కటే. అయినా ఈ టపా ఒక కారు గురించే, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఇప్పుడు లేని ఒక కార్ల ఇంటిపేరు గురించి.

సందర్భం ఇది. మా అమ్మాయికి పదిహేడేళ్ళు నిండాయి. మేముండే న్యూజెర్సీలో ఆ వయసుకు ఒంటరిగా బండి నడిపే అనుమతి వస్తుంది. "పెద్దదేమీ వద్దు నాన్నా, చిన్నది చాలు, కాస్త చూడ ముచ్చటగా ఉంటే చాలు" అంది. కోరిక సబబుగానే ఉంది కదా అని వెదకటానికి కూర్చున్నాను. అమెరికాలో కొత్త కారు సగటు ధర 2025 సెప్టెంబరులో 50 వేల డాలర్లు దాటిపోయింది. టొయోటా యారిస్, హోండా ఫిట్ 2020లోనే ఈ దేశం నుంచి సెలవు తీసుకున్నాయి. షెవర్లే స్పార్క్ 2022లో ఆగింది. చిన్నవాళ్ళ కోసం చిన్న కారు చేసే ఓపిక ఇప్పుడు ఎవరికీ ఉన్నట్టు లేదు. ఆ వెదుకులాటలోనే మా వాకిట్లో ఎండకూ మంచుకూ ఓర్చి నిలబడిన పాత సయాన్ వైపు మళ్ళీ చూశాను.

సయాన్ అన్నది టొయోటావారు అమెరికా యువతరం కోసం ప్రత్యేకంగా పెట్టిన పేరు. 2003 జూన్‌లో కాలిఫోర్నియాలో అమ్మకాలు మొదలుపెట్టి, మరుసటి ఏటికి దేశమంతా విస్తరించారు. మొదట వచ్చినవి రెండు: ఎక్స్‌ఏ, ఎక్స్‌బీ. జపానులో ఇస్ట్ అనీ, బీబీ అనీ పిలిచే బండ్లకే ఇక్కడ కొత్త నామకరణం. 2004లో టీసీ అనే రెండు తలుపుల సోకుల బండి వాటికి తోడయింది. తల్లిదండ్రులు నడిపే బండి పిల్లలకు నచ్చదు, పిల్లలు టొయోటా అంటే ముసలివాళ్ళ సంగతి అనుకుంటున్నారు, కాబట్టి వారికి వేరే గుమ్మం తెరవాలి అన్నది కంపెనీ లెక్క. గుమ్మం వేరే అయినా ఇల్లు ఒకటే. అదే టొయోటా షోరూములో ఒక మూల వేరు రంగు గోడ కట్టి సయాన్‌ను కూర్చోబెట్టారు. ఒకే ఇంట్లో వేరు కాపురమన్నమాట. ఈ వేరు కాపురం సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

నేను 2005లో కొన్నాను. అప్పటికి నాకు ఇరవయ్యారేళ్ళు. మా గదిలో నలుగురం తెలుగువాళ్ళం. కారు కొనడంలో అప్పట్లో మనవాళ్ళకు ఒక అలిఖిత శాసనం ఉండేది: క్యామ్రీ, లేదా అకార్డ్, అదీ వెండి రంగులో. "రీసేల్ ఉంటుంది గురూ" అన్నది అందులో మొదటి వాక్యం, చివరి వాక్యం కూడా అదే. కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో సంబంధాలవాళ్ళకు పంపడం ఆనాటి ఆచారం గనుక, కారు ఎంపికలో కాబోయే అత్తమామల అభిరుచిని కూడా లెక్కలోకి తీసుకోవలసి వచ్చేది.

ఆ శాసనాన్ని శిరసావహించి మొదట ఒక షోరూముకే వెళ్ళాను. పేరు అనవసరం. నాలుగు గంటలు కూర్చున్నాను. అమ్మకందారు ప్రతి పావుగంటకూ "మేనేజరును అడిగి వస్తాను" అని లోపలికి వెళ్ళేవాడు, కాఫీ చప్పరిస్తూ బయటికి వచ్చేవాడు. కాగితం మీద అంకెలు కొట్టేసి కొత్త అంకెలు వేసేవాడు. నాకు కావలసిన బ్రేకులు ఒక కట్టలో, అక్కరలేని తోలు సీట్లు అదే కట్టలో. బేరం మన రక్తంలోనే ఉందని గొప్పలు చెప్పుకుంటాం గానీ, అది కూరగాయల బజారులో, మన భాషలో, వంకాయ ధర మనకు తెలిసినప్పుడు. ఊరు కొత్త, భాష కొత్త, జీతం కొత్త అయిన కుర్రవాడికి బేరమంటే ఓడిపోవడానికి ఇచ్చే మర్యాద పేరు, అంతే.

సయాన్ దగ్గర ఆ తంతు లేదు. ధర గోడ మీద రాసి ఉంది, అంతకే ఇస్తారు. ఒక్కొక్క బండికి ఒక్కటే రకం. గేర్లు చేత్తో వేసుకునేదా, వాటంతట అవే పడేదా, రంగేమిటి, ఇంతే మనం చెప్పవలసింది. ఎయిర్ కండిషనింగ్, పవర్ కిటికీలు, యాంటీ లాక్ బ్రేకులు, బండి జారిపోకుండా పట్టి ఉంచే స్థిరత్వ నియంత్రణ అన్నీ అందులోనే. సోకులు కావాలంటే చక్రాలూ దీపాలూ తరువాత విడిగా తగిలించుకోవచ్చు. ఎక్స్‌బీ, రవాణా ఖర్చుతో కలిపి, నాకు 15 వేల డాలర్ల దగ్గర తేలింది. గంటన్నరలో తాళాలు నా చేతిలో ఉన్నాయి. ఈ దేశానికి వచ్చాక నన్ను తెలివితక్కువవాడిగా చూడకుండా ఎవరైనా ఒక పెద్ద వస్తువు అమ్మారంటే అదే మొదటిసారి. సయాన్ గురించి నా అభిప్రాయమంతా ఆ గంటన్నరలో ఏర్పడిందేనని ముందే ఒప్పుకుంటున్నాను.

ఇక రూపం. ఎక్స్‌బీని చూడనివారి కోసం: అగ్గిపెట్టెను నిలువుగా పెట్టి చక్రాలు తగిలిస్తే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. అమెరికనులు రొట్టెలు కాల్చే టోస్టర్ అన్నారు. మా గదిలోవాళ్ళు ఐస్‌క్రీము బండి అన్నారు. ఫోటో చూసి మా నాన్నగారు నూజివీడు నుంచి ఫోను చేసి, "ఒరే, బీరువాకు చక్రాలు పెట్టి అమ్మారేమిట్రా?" అన్నారు. ఆ పేరే స్థిరపడిపోయింది. (సంబంధాలవాళ్ళకు ఫోటో పంపేటప్పుడు నన్ను బీరువా ముందు నిలబెట్టకుండా చెట్టు ముందు నిలబెట్టారు.)

నాన్నగారు 2008లో, అమ్మాయి పుట్టినప్పుడు, ఇక్కడికి వచ్చారు. అప్పటికే ఆయనకు మోకాళ్ళు అరిగిపోయాయి. మా మిత్రుల క్యామ్రీలలో ఎక్కాలంటే నడుము వంచి, తల దించి, కాలు చేత్తో పట్టుకుని లోపలికి లాక్కోవాలి. బీరువాలో ఆ బాధ లేదు. తలుపు తీసి, కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవడమే. పంచె కూడా నలగలేదు. రెండో రోజుకే "ఎవరి బండీ వద్దురా, మన బీరువాలోనే పోదాం" అనడం మొదలుపెట్టారు.

ఇది మా నాన్నగారి ఒక్కరి అనుభవం కాదు. కుర్రవాళ్ళ కోసమని హిప్‌హాప్ హోరుతో, ఉచిత కచేరీలతో, చిత్రప్రదర్శనలతో ప్రచారం చేసిన ఆ డబ్బా బండిని మధ్యవయస్కులూ పదవీ విరమణ చేసినవారూ ముచ్చటపడి కొనుక్కున్నారు. తన ఖాతాదారులలో సగం మంది 35 ఏళ్ళ లోపువారని టొయోటా తరువాత గర్వంగా చెప్పుకుంది. మిగతా సగం ఎవరో ఆ వాక్యంలోనే ఉంది. టీసీ సంగతి నిజంగా వేరే. దాన్ని కొన్నవారి సగటు వయసు 29, అమెరికా కార్ల పరిశ్రమలోనే అది అతి తక్కువ. కానీ చరిత్రలో నిలిచేది టీసీ కాదు, ఆ డబ్బా.

సయాన్ అంటే వారసుడని అర్థం. పెద్ద కుటుంబానికి చిన్న వారసుడన్న ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. అంటు కట్టేటప్పుడు వేరుమొక్కకు అతికించే కొమ్మను కూడా ఆంగ్లంలో సయాన్ అనే అంటారు. నాన్నగారికి చెబితే ఎంతో సంబరపడ్డారు. మామిడి తోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి. టెంకమొక్కకు బంగినపల్లి కొమ్మ కట్టడం ఆయనకు చేత్తో పట్టిన విద్య. "అంటు కట్టడం పెద్ద పని కాదురా. కట్టాక కింద వేరుమొక్క నుంచి చిగుళ్ళు వస్తాయి, వాటిని ఎప్పటికప్పుడు గిల్లేయాలి. లేకపోతే బలమంతా వాటికే పోయి పైన కొమ్మ ఎండిపోతుంది" అన్నారు. ఆయన మామిడి గురించే మాట్లాడారు. నాకు మాత్రం ఆ క్షణంలో షోరూములోని ఆ మూల గోడ గుర్తుకు వచ్చింది.

ఎందుకంటే జరిగింది అదే. 2006లో సయాన్ అమ్మకాలు లక్షా డెబ్భై మూడు వేలు దాటాయి. అదే వాటి శిఖరం. సరిగ్గా ఆ ఏడాదే టొయోటా తన సొంత పేరుతో యారిస్‌ను అమెరికాకు తీసుకువచ్చింది. చిన్నది, చవకైనది, అదే షోరూములో, గోడకు ఇటుపక్క. వేరుమొక్క నుంచి చిగురు వచ్చింది, ఎవరూ గిల్లలేదు.

రెండో తప్పు ఇంకా విచిత్రమైనది. 2007లో, 2008 నమూనాగా, కొత్త ఎక్స్‌బీ వచ్చింది. దాదాపు అడుగు పొడవు పెరిగింది, ఆరువందల పౌన్లు బరువు పెరిగింది. లీటరున్నర ఇంజను పోయి 2.4 లీటర్ల ఇంజను వచ్చింది. మూలలు గుండ్రబడ్డాయి. ఇంకాస్త బలం కావాలి, ఇంకాస్త చోటు కావాలి అని పాత ఖాతాదారులు కోరారట. కోరరా మరి? వాళ్ళకు అప్పటికి పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, జీతాలు పెరిగాయి. వాళ్ళను అడిగితే వాళ్ళకు కావలసినదే చెబుతారు. ఇంకా ఆ షోరూము గడప తొక్కని ఇరవయ్యేళ్ళ కుర్రవాడిని అడిగినవాడు లేడు. బండి లావెక్కిన మరుసటి వేసవికే గాలను పెట్రోలు నాలుగు డాలర్లు దాటింది. ఆ వెనుకే ఆర్థిక మాంద్యం. కొత్తగా చదువు ముగించినవారికి ఉద్యోగాలు లేవు, అప్పులిచ్చేవారు లేరు. 2010 నాటికి అమ్మకాలు 45 వేల చిల్లరకు పడిపోయాయి.

అందరూ మాంద్యాన్నే నిందిస్తారు. నేను పూర్తిగా ఒప్పుకోలేను. అదే మాంద్యంలో, 2009లో, కియావారు సోల్ అనే డబ్బా బండిని అమెరికాలో దింపారు. (మన పెనుకొండ దగ్గర తరువాత కర్మాగారం పెట్టిన కియావారే.) అది ఇక్కడ పదిలక్షలకు పైగా అమ్ముడైంది, 2025 దాకా బతికింది. డబ్బా మీద జనానికి మోజు తీరలేదు. డబ్బాను వదిలేసినవారే దాన్ని పోగొట్టుకున్నారు.

2016 ఫిబ్రవరిలో టొయోటా సయాన్‌కు మంగళం పాడింది. పదేళ్ళు దాటిన ప్రయాణంలో పదిలక్షలకు పైగా బండ్లు అమ్మామనీ, కొన్నవారిలో నూటికి డెబ్భై మంది టొయోటాకు కొత్తవారనీ చెప్పుకుంది. నేటి యువత కూడా తల్లిదండ్రుల లాగే టొయోటా పేరును ఆదరిస్తున్నదనీ, ఇక వేరు పేరు అక్కరలేదనీ సంజాయిషీ ఇచ్చింది. మిగిలిన బండ్లలో కొన్నిటికి ఇంటిపేరు మార్చి లోపలికి తీసుకున్నారు. టీసీకి ఆ భాగ్యం కలగలేదు.

ఆ సంజాయిషీలో ఒక తిరకాసు ఉంది. యువత పెద్దవాళ్ళలా మారిందని కంపెనీ అంటోంది. అసలు సయాన్‌లో మంచిదంతా వయసుకు సంబంధించినదే కాదని నేనంటాను. దాపరికం లేని ధర, అనవసరపు కట్టలు లేకపోవడం, సులువుగా ఎక్కిదిగే ఎత్తు, తక్కువ ఇంధనం... ఇవి ఇరవయ్యేళ్ళవాడికి ఎంత అవసరమో డెబ్భై ఏళ్ళ మా నాన్నగారికీ అంతే అవసరం. జనం సరుకును చూసి కొన్నారు, కంపెనీ వయసును చూసి అమ్మానని అనుకుంది. వయసు కరిగిపోగానే సరుకును కూడా పారేసింది.

మన టాటా నానో కథ దీనికి తోబుట్టువులా ఉంటుంది. నలుగురున్న కుటుంబం వానలో స్కూటరు మీద పోవడం చూసి రతన్ టాటాకు తట్టిన ఆలోచన అది. 2008 జనవరిలో లక్ష రూపాయల కారని ప్రకటించారు. "అతి చవక కారు" అన్న ముద్ర దానికి శాపమైంది. స్కూటరు దిగి కారెక్కేవాడు చవక మనిషినని నలుగురికీ చాటుకోవాలని కోరుకోడు కదా. ఆ ముద్ర పొరపాటని తరువాత ఆయనే ఒప్పుకున్నారు. అక్కడ చవక అన్న ముద్ర, ఇక్కడ పడుచుదనమన్న ముద్ర. కొనేవాడికి కావలసింది కారు. మీద అంటించిన చీటీ కాదు.

ఇప్పుడు మా అమ్మాయి సంగతి. కొత్తవి అందుబాటులో లేవు. పాతవి చూద్దామంటే వాటి ధరలు నేను నా బీరువాకు కొత్తగా పెట్టిన ధరను దాటి ఉన్నాయి. చివరికి నేను మెకానిక్కుకు చూపించి, బ్రేకులు, టైర్లు, బ్యాటరీ మార్పించి, ఆ బీరువా తాళాలే ఆమె చేతిలో పెట్టాను. లక్షా తొంభై వేల మైళ్ళు తిరిగిన బండి. ఆమె తన కన్నా మూడేళ్ళు పెద్దదైన ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "ఇది భలే విచిత్రంగా ఉంది నాన్నా, మా స్నేహితులెవరికీ ఇలాంటిది లేదు" అంది. ఫిర్యాదు అనుకుని నేను నసుగుతుండగానే తన ఫోనులో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకుంది.

వాటిలో ఒకటి నూజివీడు చేరింది. నాన్నగారు వెంటనే వీడియోలో ప్రత్యక్షమయ్యారు. మనవరాలి యోగక్షేమాలు తరువాత, ముందు బండి తలుపు తీసి చూపించమన్నారు. ఆ ముందు సీటు ఎత్తు అలాగే ఉందా, తగ్గించారా అని అడిగారు.