కర్నల్ నాయుడు: బిరుదమును, అధికారమును

కొఠారి కనకయ్య నాయుడుగారి పేరునకు ముందు 'కర్నల్' అను శబ్దము చూచి, వా రే రణరంగముననో సేనలను నడిపిరని తలంచువారు నేటికిని కలరు. ఆ పదవి యుద్ధమున లభించినది కాదు. క్రికెట్టు మైదానమున లభించినది.

1895లో నాగపురమందలి తెలుగు కుటుంబమున జన్మించిన నాయుడుగారిని 1923లో మాళవమునందలి ఇండోరునకు హోల్కారు ప్రభువు పిలిపించి, తన సేనలో కెప్టెన్ పదవి నొసంగెను. పిమ్మట కర్నల్ అయిరి. పాలమూరు సీమవారి కిది వింత గాదు. గద్వాల, ఆత్మకూరు, వనపర్తి సంస్థానములు కవిపండితులకు వార్షికములిచ్చి పోషించిన తీరు వారెరుగుదురు. కవికి వార్షిక మెట్టిదో, ఆట కూడు పెట్టని ఆ కాలమున క్రీడాకారునకు సైనికపదవి యట్టిది. 2011లో ధోనీకి ప్రాదేశిక సేనలో లభించిన లెఫ్టినెంట్ కర్నల్ హోదా వట్టి గౌరవము, నాయుడుగారిది జీవనోపాధి.

ఐనను అన్నము పెట్టిన రాజవర్గమే అధికారమునకు అడ్డుపడినది. 1926లో బొంబాయియందు ఎం.సి.సి. జట్టుపై 11 సిక్సర్లతో 153 పరుగులు తీసిన వీరునికి, 1932 ఇంగ్లండు యాత్రలో నాయకత్వ మీయలేదు. నాయకుడు పోరుబందరు మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాజవంశీయుడు! మహారాజు తన శక్తి నెరిగి స్వయముగా తప్పుకొనెను. ఇది మెచ్చదగిన వివేకము. రెండవవారు గాయపడిరి. అప్పుడుగదా జూన్ 25న లార్డ్సు మైదానమున భారతదేశపు తొలి టెస్టుకు నాయుడుగారు నాయకులైరి! సామర్థ్యమునకు చోటు దొరకుట కిరువురు రాజవంశీయులు తొలగవలసి వచ్చెను.

1936లో అట్టి వివేకమును కానరాదు. ఆ యేటి నాయకత్వము విజయనగర మహారాజకుమారునకు దక్కెను. తెలుగు జమీందారీ కుటుంబీకుడే తెలుగు వీరునిపై నాయకుడగుట మనకు మరింత కష్టము తోచును. మహారాజకుమారుడు మూడు టెస్టులందును కలిపి తీసినవి 33 పరుగులు. ఓవల్ మైదానమున, తన కడపటి టెస్టులో, నాయుడుగా రొక్క ఇన్నింగ్సునందే 81 తీసి జట్టును ఇన్నింగ్సు పరాజయమునుండి కాపాడిరి. పుట్టుకయే యోగ్యతయను పరపాలనా నీతి కింతకన్న సాక్ష్యము వలయునా?

1948లో హోల్కారు సంస్థానము మధ్యభారతమున లీనమయ్యెను. సంస్థానము పోయినను జట్టు నిలిచెను. నాయుడుగారి నాయకత్వమున నది గెలిచిన నాలుగు రంజీ విజయములలో రెండు, 1950-51, 1952-53 సంవత్సరములవి, ఆ పిమ్మటివే. 1953-54లో ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో తొలిసారి ప్రవేశించినప్పుడు, ఏబది యెనిమిదేండ్ల ప్రాయమున దానికి నాయకత్వము వహించినవారును వారే. ఈమారు ఏ రాజును తప్పుకొనవలసిన పని లేకపోయెను.