యంత్రశాస్త్ర విద్యార్థికి విద్యుత్తు ఎందుకు?

మెకానికల్ శాఖలో చేరిన విద్యార్థికి ప్రథమ సంవత్సరముననే విద్యుచ్ఛాస్త్రముతో పరిచయము కలుగును. మా మిత్రులు పలువురు దీనిని పొరుగు శాఖవారు విధించిన సుంకముగా భావించి, నాలుగు ప్రశ్నలు కంఠస్థము చేసి, ఉత్తీర్ణులై, మరునాడే మరచిపోవుచున్నారు. ఇందుకు వారిని మాత్రమే నిందించుట న్యాయము కాదు. పాఠము చెప్పు క్రమముననే లోపము కలదని మా అభిప్రాయము.

పాఠము ఓమ్ నియమముతో ఆరంభమై కిర్కాఫ్, థెవెనిన్, నార్టన్‌ల మీదుగా మెల్లగా నడచును. మోటారు వచ్చుసరికి పరీక్షలును వచ్చును! లేతు, పంపు, క్రేను, కంప్రెసరు — వీనిలో దేనిని నడుపవలెనన్నను మనకు పని పడునది ఆ మోటారుతోనే గదా.

ఒక్క స్టార్టరునే తీసుకొందము. ఇండక్షన్ మోటారునకు నేరుగా స్విచ్ వేసినచో ఆరంభమున పూర్తి భారపు కరెంటునకు సుమారు ఆరు రెట్లు లాగును. స్టార్-డెల్టా స్టార్టరు దానిని మూడవ వంతునకు తగ్గించును. అయితే తిప్పుడు బలము, అనగా టార్కు, కూడ మూడవ వంతే మిగులును. సెంట్రిఫ్యూగల్ పంపునకు ఇది చాలును. దానికి కావలసిన టార్కు వేగపు వర్గమును బట్టి పెరుగును గనుక మొదట భారము స్వల్పము. సరుకుతో నిండిన కన్వేయరు బెల్టు మాత్రము కదలనే కదలదు. భారముయొక్క స్వభావము నెరిగిన మెకానికల్ ఇంజనీరే దీనిని తేల్చవలెను. ఇట్టి విషయము మన నోటు పుస్తకములలో చిట్టచివరి పుటలో నుండుట విచారకరము.

మనకు తెలిసిన దాని నుండి తెలియని దానికి పోవు మార్గమును లేకపోలేదు. ద్రవ్యరాశి, స్ప్రింగు, డాంపరు గల వ్యవస్థకును. ఇండక్టెన్సు, కెపాసిటెన్సు, రెసిస్టెన్సు గల వలయమునకును సమీకరణము ఒక్కటే. మొదటిదానిని సాధించినవానికి రెండవది కొత్త కాదు. ఇక నీటిగొట్టపు పోలిక యుండనే యున్నది. గొట్టము తెగినచో నీరు బయటికి పారును, తీగ తెగినచో కరెంటు ఆగిపోవును గనుక ఆ పోలికను మితముగా వాడుకొనవలెను.

భాష సంగతి యొకటి. ఉర్దూ, తెలుగు మాధ్యమముల నుండి వచ్చిన మనలో పలువురకు ఆంగ్ల గ్రంథమే మొదటి అడ్డుగోడ. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలోనే ఉన్నత విద్య గరపినది. అందుకై 1917లోనే అనువాద సంస్థ ఏర్పడినది. ‘బర్కీ రౌ’ అన్నను, ‘విద్యుత్ ప్రవాహము’ అన్నను పారుట యను భావము మాటలోనే యున్నది. పరీక్ష ఆంగ్లములో వ్రాసినను, మొదటి వివరణ మాతృభాషలో జరిగినచో నష్టమేమి?

మేము కోరునది స్వల్పము. మొదటి వారముననే నాలుగు పోళ్ల మోటారును బ్రేక్ డ్రమ్ముతో నడిపి చూపవలెను. 50 సైకిళ్ల సరఫరాపై లెక్క ప్రకారము అయస్కాంత క్షేత్రపు వేగము నిమిషమునకు 1500 చుట్లు. టాకోమీటరు 1440 చూపినచో స్లిప్ 4 శాతము. పిమ్మట మోటారు రివైండింగు దుకాణము నుండి కాలిన మోటారు నొకదానిని తెచ్చి విప్పవలెను. స్టార్ కలయికలో నుండగా ఒక ఫ్యూజు పోయి రెండు ఫేజులపై నడచిన మోటారైనచో, రెండు ఫేజుల చుట్లు నల్లబడి యుండును, మూడవది కొత్తదానివలె మెరయుచుండును. అట్లెందుకైనదో అప్పుడు అడుగుడు.